ఎన్ని ఆటలు ఆడాడని కాదు, ఎన్ని ఆడనిచ్చారని అడగండి

(అంబేద్కర్ జయంతికి కురిచేడులో జరిగిన పల్లె కుర్రాళ్ల క్రికెట్ పోటీల ముగింపు సభలో చేసిన ప్రసంగం)



కప్పు ఇచ్చేశాం. ఓడిన జట్టుకూ చప్పట్లు కొట్టాం. అవతల వంట అయిపోయింది. అన్నం చల్లారకముందే ముగిస్తాం. కానీ ఒక్క మాట చెప్పకుండా పోలేం.

సభల్లో ఎప్పుడూ గెలిచినోళ్ల గురించే మాట్లాడతారు. టెండూల్కర్ ఎన్ని సెంచరీలు కొట్టాడో, ధోనీ ఎన్ని కప్పులు తెచ్చాడో మా బడిలో మూడో తరగతి పిల్లోడు కూడా చెబుతాడు. ఈ పూట మేం మాట్లాడేది వాళ్ల గురించి కాదు. రెండు ఆటలు ఆడి, ఒక నెల ఆడి, మళ్లీ కనపడకుండా పోయినవాళ్ల గురించి. వాళ్ల పేర్లు మీలో చాలామంది విని వుండరు. ఎందుకు వినలేదన్నదే ఈనాటి ప్రశ్న.

ఈ ప్రశ్న మాకెందుకు పట్టుకుందంటారా? మా బడిలో ఒక పిల్లోడు వుండేవాడు. ఎడమచేత్తో బంతి వేసేవాడు. పొగాకు బేరన్ గోడకు సుద్దతో మూడు గీతలు గీసి, వాటికేసి పొద్దుగూకేదాకా విసిరేవాడు. వాణ్ణి ఒక ఎంపికకు పంపించాం. బూట్లు లేకపోతే పంతుళ్లం తలా కొంత వేసి కొనిచ్చాం. వాడు తెల్లారుజామున బస్సెక్కి పోయినాడు. అక్కడ మూడు గంటలు ఎండలో నిలబెట్టి ఆరు బంతులు వేయించుకున్నారు. ఆ ఆరు బంతులు పడేటప్పుడు పేర్లు రాసుకునే పెద్దమనిషి ఫోన్లో మాట్లాడుతున్నాడంట. ఇంటిపేరేంది, మీ నాన్న ఏం చేస్తాడు అని మాత్రం ముందే అడిగారంట. సాయంత్రానికి వాడు ఇంటికొచ్చాడు. ఊళ్లో వాడికి 'ఆరు బంతులోడు' అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది పెత్తందార్లు కాదు, మన పల్లెవాళ్లే. వాడు ఆట మానేశాడు. ఇంటరు మధ్యలో ఆపి బేల్దారి పనికి హైదరాబాదు పోయినాడు.

ఆరు బంతులతో ఒక మనిషి తేలిపోతాడా? పెద్దోళ్ల పిల్లలు ఆరు వేల బంతులు వేసినాక గదా వాళ్ల సంగతి చూసేది! మనవాడికి ఆరే చాలన్నది ఎవరు? ఇదీ మా ప్రశ్న. దీన్ని పట్టుకుని మన రాష్ట్రమూ, మన దేశమూ, అమెరికా కూడా ఒకసారి తిరిగొద్దాం.

మన పేరు పెట్టుకున్న జట్టులో మనవాళ్లు

2008లో ఐపీఎల్ మొదలైంది. ఎనిమిది జట్లు పెట్టారు. హైదరాబాదుకు వచ్చింది డెక్కన్ చార్జర్స్. మొదటి ఏడాది 14 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటేడు దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో కప్పు గెలిచింది. 2009 మే 24న జోహాన్నెస్‌బర్గ్ ఫైనల్లో బెంగుళూరు జట్టును ఆరు పరుగుల తేడాతో ఓడించింది. 2012 సెప్టెంబరులో బోర్డు ఆ జట్టును రద్దు చేసింది. అయిదు సీజన్లతో జట్టు బతుకే ముగిసింది. ఆ స్థానంలో సన్ టీవీ వాళ్ల సన్‌రైజర్స్ వచ్చింది.

ఆ డెక్కన్ చార్జర్స్‌లో ఎవరెవరున్నారంటే గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, రోహిత్ శర్మ అని చెబుతారు. ఆంధ్ర రంజీ జట్టు నుంచి పోయిన బౌలర్లు ఇద్దరు వుండేవాళ్లు. ఒకరు డి. కల్యాణ్‌కృష్ణ, ఇంకొకరు పి. విజయ్‌కుమార్. ఈ పేర్లు ఎందరికి గుర్తున్నాయి? చేతులెత్తండి. చూశారా, నాలుగు చేతులు కూడా లేవలేదు. కొద్ది ఆటలు ఆడారు, అంతే. కప్పు గెలిచిన ఫైనల్లో ఇద్దరూ లేరు. సికిందరాబాదు కుర్రాడు టి. సుమన్ ఆ ఫైనల్లో ఆడాడు. ఆ సీజన్లో 200 పైచిలుకు పరుగులు చేశాడు. తర్వాత ముంబయి జట్టుకు పోయినాడు. కొన్నేళ్లకే ఆయన పేరు కూడా పత్రికల్లోంచి జారిపోయింది.

విశాఖపట్నం వై. వేణుగోపాలరావు సంగతి చూడండి. 2004లో దులీప్ ట్రోఫీలో ఇంగ్లండ్ ఎ జట్టు మీద దక్షిణ మండలం 501 పరుగులు ఛేదించి గెలిచింది. అందులో ఆయనొక్కడే 228 పరుగులు చేసి ఔటు కాకుండా నిలబడ్డాడు. దేశం తరఫున 16 వన్డేలు ఆడాడు. 2006లో తప్పించారు. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు. ఇంక మళ్లీ పిలుపు రాలేదు.

వీళ్లది ఏ కులమని మేం చెప్పబోవడం లేదు. వీళ్లంతా దళితులనీ అనడం లేదు. రాజధాని మైదానాలకు దూరంగా వున్న ఊళ్లవాళ్లకే తలుపు ఇంత సందు తెరుచుకుని మూసుకుంటే, ఆ ఊళ్లకు కూడా దూరంగా విసిరేసిన మన పల్లెలవాళ్లకు ఎంత తెరుచుకుంటుందో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం వినండి. 2008లో ఐపీఎల్ వాళ్లు ఒక నిబంధన పెట్టారు. ప్రతి జట్టూ తన ప్రాంతం ఆటగాళ్లను కనీసం నలుగురిని తీసుకోవాలి. 22 ఏళ్ల లోపు కుర్రాళ్లు నలుగురు వుండాలి. ఇది రిజర్వేషనా కాదా? ఆ నిబంధన వున్న రోజుల్లో హైదరాబాదు జట్టులో తెలుగు పిల్లలు నలుగురైనా కనపడ్డారు. తర్వాత ఆ స్థానిక నిబంధన పోయింది. అది పోయినాక ఏ జట్టుకూ తన ప్రాంతం పిల్లోణ్ణి తీసుకోవాలన్న బాధ్యత లేదు.

ఇంకో నిబంధన వుంది. అది ఇప్పటికీ వుంది. పదకొండు మందిలో విదేశీయులు నలుగురికి మించకూడదు. అంటే ఏడు స్థానాలు స్వదేశీయులకు రిజర్వు చేశారు. ఆస్ట్రేలియా వాడు ఎంత బాగా ఆడినా అయిదోవాడు బయట కూర్చోవాల్సిందే. దీన్ని ఎవడైనా ప్రతిభకు అన్యాయం అన్నాడా? అనలేదు. పైగా దీనివల్లే కుర్రాళ్లు పైకొస్తున్నారని టీవీలో మురిసిపోతారు. అదే మాట మనం బడిలో, కొలువులో, ఆటలో అడిగితే మాత్రం 'మెరిట్' గుర్తుకొస్తుంది. వాళ్లకు కావాల్సినప్పుడు అది ప్రోత్సాహం. మనకు కావాల్సినప్పుడు అది అన్యాయం.

2018లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన ఒక వ్యాసం ఒక లెక్క చెప్పింది. అప్పటిదాకా దేశం తరఫున టెస్టులు ఆడిన దాదాపు 290 మంది పురుషుల్లో దళితులు నలుగురే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డు కులాలవాళ్లు నూటికి 16.6 మంది. ఆ నిష్పత్తిలో అయితే 48 మంది వుండాలి. మిగతా 44 మందీ ఏమైనారు? బంతి వేయడం రాని కులమా మనది? పొలంలో పక్షుల మీదికి వడిసెల తిప్పిన చేతులు కావా ఇవి?

2019 ఏప్రిల్ 21 గుర్తుచేసుకోండి. హైదరాబాదులో సన్‌రైజర్స్ మీద కోల్‌కతా తరఫున ఆంధ్ర కుర్రాడు, ఎడమచేతి వాటం బౌలర్ పృథ్వీరాజ్ యర్రా బంతి అందుకున్నాడు. డేవిడ్ వార్నర్ అప్పటికి 67 కొట్టి ఊపుమీదున్నాడు. అతన్ని బౌల్డ్ చేశాడు. ఐపీఎల్‌లో అతని మొదటి వికెట్టే అది. ఆ సీజన్లో అతనికి రెండే ఆటలు దక్కాయి. 2020లో భువనేశ్వర్ గాయపడితే సన్‌రైజర్స్ పిలిపించుకుంది గానీ ఆడించలేదు. వార్నర్‌ను పడగొట్టినవాడికి రెండు ఆటలు చాలవని ఎవరూ అనలేదు.

మూడు టెస్టుల మహారాజకుమారుడు

ఇప్పుడు మీరనొచ్చు: తక్కువ ఆటలు ఆడితే పేరు రాదు గదా, అది లోకరీతి గదా అని. కాదు. తక్కువ ఆడినా, ఆడలేకపోయినా పేరు నిలిచే పద్ధతి ఒకటుంది. అది కూడా మన తెలుగు నేలమీదే చూపిస్తాం.

విజయనగరం మహారాజకుమార్, 'విజ్జీ' అంటారు. 1936లో ఇంగ్లండ్ పోయిన భారత జట్టుకు ఆయన కెప్టెన్. దేశపు మొదటి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు అదే జట్టులో వున్నాడు. అయినా పగ్గాలు విజ్జీ చేతికొచ్చాయి. ఎట్లా వచ్చాయి? జమీందారీ డబ్బూ, తెల్లదొరల ప్రాపకమూ తెచ్చిపెట్టాయి. మూడు టెస్టులు ఆడాడు. మూడింట్లో కలిపి 33 పరుగులు, సగటు 8.25. ఆ మూడు తప్ప ముందూ లేదు, వెనకా లేదు. దేశానికి తొలి టెస్టు సెంచరీ కొట్టిన లాలా అమర్‌నాథ్‌ను ఆ పర్యటనలో మొదటి టెస్టు రాకముందే ఓడెక్కించి ఇంటికి పంపించేశారు. విజ్జీకి మాత్రం అదే ఏడు 'సర్' బిరుదు వచ్చింది. 1954 నుంచి 1956 దాకా క్రికెట్ బోర్డుకు అధ్యక్షుడైనాడు. 1958లో పద్మభూషణ్ వచ్చింది. యూనివర్సిటీ కుర్రాళ్ల పోటీకి విజ్జీ ట్రోఫీ అని ఆయన పేరే పెట్టారు.

మూడు ఆటల మనిషి పేరు మీద ట్రోఫీ వుంది. మనవాడికేమో 'ఆరు బంతులోడు' అనే పేరు. రెండూ చిన్న లెక్కలే గదా! తేడా యాడుంది? తేడా బంతిలో లేదు, బ్యాటులో లేదు. వెనకున్న భూమిలో వుంది, కులంలో వుంది.

అదే రోజుల్లో ఇంకో మనిషి వున్నాడు. పల్వంకర్ బాలూ, చర్మకారుల కులంలో 1876లో ధార్వాడలో పుట్టాడు. పుణేలో తెల్లదొరల మైదానం చదును చేసే పని నెలకు నాలుగు రూపాయలకు చేశాడు. దొరలకు నెట్స్‌లో బంతులు వేసివేసి బౌలరైనాడు. హిందువుల జట్టుకు గెలుపు కావాలి, గెలవాలంటే బాలూ కావాలి. తీసుకున్నారు. మైదానంలో ఆయన విసిరిన బంతిని అందరూ పట్టుకునేవాళ్లు. టీ విరామానికి వాళ్లకు లోపల పింగాణీ కప్పులు, ఆయనకు బయట మట్టిముంత. మన ఊళ్ల టీ కొట్లల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసిన పెద్దవాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో బాలూ 114 వికెట్లు తీశాడు. అయినా హిందువుల జట్టుకు ఆయన్ను ఎన్నడూ కెప్టెన్ని చేయలేదు. తమ్ముడు విఠల్‌కు 1923లో ఆ పదవి దక్కింది. అది కూడా అన్నదమ్ములు తిరగబడితే దక్కింది.

విజ్జీ కెప్టెన్, బాలూ కాదు. ఇంతకంటే పెద్ద పాఠం ఏ బడిలోనూ మేం చెప్పలేం.

ముప్పై అయిదు రోజుల ఉద్యోగం

సరే, ఇది మన దేశపు రోగం అంటారా? అమెరికా పోదాం. అక్కడ బేస్‌బాల్ అనే ఆట వుంది. గుండ్రటి బ్యాటుతో కొట్టి, నాలుగు మూలల్లో వున్న నాలుగు గుర్తులు చుట్టి రావాలి. దూరంగా కొట్టి ఒక్క ఊపున చుట్టొస్తే దాన్ని హోంరన్ అంటారు. మన సిక్సర్ మాదిరి అనుకోండి. డబ్బున్న పెద్ద ఆట అది.

1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి యువకుడు టొలీడో జట్టులో 42 ఆటలు ఆడాడు. మన వికెట్ కీపర్ లాంటి పని ఆయనది. బంతి ఎట్లా వేయాలో బౌలర్‌కు సైగ చేయాలి. ఆ జట్టు బౌలర్ ఒకడు ఆయన సైగలు పట్టించుకోకుండా తనకిష్టమొచ్చినట్టు విసిరేవాడు. నల్లవాడి మాట వినడం ఇష్టంలేక అట్లా చేశానని తర్వాత తానే చెప్పుకున్నాడు. వాకర్ తమ్ముడు వెల్డే అదే జట్టులో అయిదు ఆటలు ఆడాడు. ఆ ఏడుతో తలుపు మూసుకుంది. మళ్లీ ఒక నల్లజాతి మనిషి పెద్ద లీగులో అడుగుపెట్టడానికి 63 ఏళ్లు పట్టింది. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ జట్టులో జాకీ రాబిన్సన్ ఆడాడు. ఆయన పేరు లోకమంతా తెలుసు. తెలియాల్సిందే.

అదే ఏడు జులైలో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ అనే జట్టు ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లను తీసుకుంది. హ్యాంక్ థాంప్సన్, విల్లర్డ్ బ్రౌన్. వీళ్ల పేర్లు ఎందరికి తెలుసు? ఆ జట్టు అట్టడుగున వుంది. మైదానం ఖాళీగా వుంటోంది. నల్లవాళ్లను ఆడిస్తే నల్ల ప్రేక్షకులు టిక్కెట్లు కొంటారని ఆశ. ఆ ఊళ్లో ఎట్లాంటి మైదానం అనుకున్నారు? 1944 దాకా నల్లవాళ్లు విడిగా కూర్చోవాల్సిన మైదానం.

విల్లర్డ్ బ్రౌన్ అప్పటికే నల్లవాళ్ల లీగుల్లో పేరుమోసిన బ్యాటర్. జులై 19న మొదటి ఆట ఆడాడు. ఆగస్టు 13న డెట్రాయిట్ మీద ఆడేటప్పుడు చేతికి సరైన బ్యాటు లేదు. జట్టులోని తెల్ల ఆటగాడు ఒకడు చెడిపోయిందని పక్కన పడేసిన బ్యాటు పట్టుకుపోయి బలంగా కొట్టాడు. బంతి గోడదాకా పోయింది. వాళ్లు దాన్ని తెచ్చేలోపు నాలుగు గుర్తులూ చుట్టి వచ్చాడు. అమెరికన్ లీగులో ఒక నల్లజాతి మనిషి కొట్టిన మొట్టమొదటి హోంరన్ అది. సంతోషంగా వచ్చి కూర్చునేలోపు ఆ బ్యాటు సొంతదారు దాన్ని గోడకేసి కొట్టి విరగ్గొట్టాడు. తాను పారేసిన బ్యాటే! నల్లచెయ్యి తగిలిందని.

మనం తాకిన కుండను పగలగొట్టిన చేతులు మనకు తెలుసు. సముద్రం అవతల కూడా అవే చేతులు.

ఆగస్టు 23న ఇద్దర్నీ తీసేశారు. బ్రౌన్ మొదటి ఆట నుంచి ఆ రోజుకు ముప్పై అయిదు రోజులు. ఆయన ఆడింది 21 ఆటలు. 67 సార్లు బ్యాటు పట్టి 12 సార్లు బంతిని సరిగా కొట్టాడు. లెక్క బాగా లేదు. పెద్ద లీగు స్థాయి కాదన్నారు. టిక్కెట్లు పెరగలేదు, అదీ అసలు సంగతి. పలకరించే మనిషి లేని జట్టులో, విరగ్గొట్టిన బ్యాటు ముక్కల మధ్య ఎవడు కొడతాడండీ?

తర్వాత ఏమైందో చూడండి. బ్రౌన్ ఆ చలికాలమే ప్యూర్టోరికో పోయి ఆడాడు. అక్కడి లీగులో అందరికంటే ఎక్కువ హోంరన్లు కొట్టాడు. నెలరోజుల్లో మనిషి మారలేదు గదా, చుట్టూ వున్న మనుషులు మారారు. థాంప్సన్‌ను 1949లో న్యూయార్క్ జయంట్స్ తీసుకుంది. మళ్లీ ఆడనిచ్చింది. ఆడి 1954లో ప్రపంచ విజేత జట్టులో నిలిచాడు. పెద్ద లీగుల్లో మొత్తం 129 హోంరన్లు కొట్టాడు. బ్రౌన్స్ జట్టు పనికిరాడని పంపించేసిన మనిషే!

రెండోసారి పిలిస్తే వీళ్లు ఆడతారు. అదీ పాఠం. దక్షిణాఫ్రికాలో తెంబా బవుమాను కోటా ఆటగాడని ఎంత వెక్కిరించారు! ఆ దేశపు బోర్డు 2016లో జట్టులో నల్లజాతివాళ్లు, ఇతర రంగులవాళ్లు ఇంతమంది వుండాలని లెక్క పెట్టుకుంది. బవుమాను ఆడించారు, కింద పడినా మళ్లీ ఆడించారు. 2025 జూన్‌లో లార్డ్స్ మైదానంలో ఆస్ట్రేలియాను ఓడించి ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ గెలిచిన జట్టుకు కెప్టెన్ ఆయనే. కోటా ఆట చెడగొట్టిందా, గెలిపించిందా?

మన ఆడపిల్లల్లోనూ వుంది సాక్ష్యం. విశాఖపట్నం స్నేహదీప్తి 2013లో పదహారేళ్లకే బంగ్లాదేశ్ మీద దేశం తరఫున ఆడింది. స్మృతి మంధానా మొదలుపెట్టింది కూడా ఆ సిరీస్‌లోనే. మంధానా నిలబడింది. స్నేహదీప్తివి వేళ్లమీద లెక్కపెట్టే ఆటలతో ఆగిపోయాయి. పదేళ్ల తర్వాత, బిడ్డ తల్లి అయినాక, 2023లో మహిళల ప్రీమియర్ లీగు వేలంలో ఢిల్లీ జట్టు ఆమెను 30 లక్షలకు తీసుకుంది. పదేళ్లు పట్టు వదలని ఆ తల్లికి ఇక్కణ్ణించే దండం పెడుతున్నాం.

రాసిపెట్టుకున్నోడిదే చరిత్ర

ఇంకొక్క సంగతి చెప్పి దిగిపోతాం. ఇది అన్నిటికంటే ముఖ్యం.

నల్లవాళ్లకు పెద్ద లీగు తలుపులు మూసినప్పుడు వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సొంత లీగులు పెట్టుకున్నారు. ఆ ఆటల్ని పెద్ద లీగువాళ్లు ఆటలే కాదన్నారు. అందుకే విల్లర్డ్ బ్రౌన్ పేరు ఎదురుగా చాలాకాలం ఆ 21 ఆటలే వున్నాయి. కానీ నల్లవాళ్ల పత్రికలు ఎవరు ఎన్ని కొట్టారో అచ్చు వేశాయి. కొందరు స్కోరు కాగితాలు దాచుకున్నారు. తర్వాతివాళ్లు ఏళ్ల తరబడి ఆ పాత పత్రికలు తిరగేసి ఒక్కొక్క ఆటా పోగుచేశారు. 2006లో బ్రౌన్‌ను ఆ దేశపు బేస్‌బాల్ గౌరవ మందిరంలో చేర్చారు. అప్పటికి ఆయన చనిపోయి పదేళ్లు. 2020 డిసెంబరులో 1920 నుంచి 1948 దాకా నడిచిన నల్లవాళ్ల లీగులు కూడా పెద్ద లీగులేనని ఒప్పుకున్నారు. 2024లో ఆ లెక్కలు అసలు లెక్కల్లో కలిపారు.

కలిపితే ఏమైందో తెలుసా? జాష్ గిబ్సన్ అని ఒకాయన. తెల్లవాళ్ల లీగులో ఒక్క ఆట కూడా ఆడనివ్వలేదు. రాబిన్సన్‌కు తలుపు తెరుచుకోవడానికి మూడు నెలల ముందే, 1947 జనవరిలో చనిపోయాడు. కొత్త లెక్క ప్రకారం జీవితకాలపు బ్యాటింగ్ సగటులో అందరికంటే పైన వున్నది ఆయనే. ఒక్క ఆటా ఆడనివాడు అనుకున్న మనిషి పట్టికలో మొదటివాడైనాడు! ఆయన కొత్తగా ఏమీ కొట్టలేదు. కొట్టిందాన్ని ఎవరో రాసిపెట్టారు, అంతే.

బాబాసాహెబ్ చదవమన్నాడు. మా ఇళ్లల్లో మేమే మొదట డిగ్రీ మొహం చూసినవాళ్లం. చదువు దేనికి పనికొస్తుందని మమ్మల్ని అడిగేవాళ్లకు మా జవాబు ఇదే: మన లెక్క మనం రాసుకోవడానికి పనికొస్తుంది. మన లెక్క ఎదుటివాడు రాస్తే ఆరు బంతులే రాస్తాడు. బేరన్ గోడకు విసిరిన వేల బంతులు రాయడు.

అందుకని మిమ్మల్ని మేం అడిగేది నాలుగు పనులు.

ఒకటి, ఈ రోజు నుంచి మన పల్లెల్లో ఆడే ప్రతి పోటీకీ స్కోరు పుస్తకం వుండాలి. రబ్బరు బంతి ఆట అయినా సరే. ఎవరు ఆడారు, ఏ ఊరు, ఎన్ని పరుగులు, ఎన్ని వికెట్లు, తేదీ వేసి రాయండి. ఇంటరు చదివే పిల్లలు ఈ పని తీసుకోండి. ఇయ్యాల జరిగిన ఆటల లెక్క మా దగ్గరుంది. మొదటి పుస్తకం అదే.

రెండు, ఎంపికలకు పోయేటప్పుడు ఒక్కణ్ణి పంపొద్దు. తోడుగా చదువుకున్న మనిషి ఒకరు పోవాలి. ఎన్ని ఓవర్లు వేయించారు, ఎన్ని బంతులు ఆడనిచ్చారు, అక్కడే కాగితం మీద రాసుకోవాలి. ఎంతమంది వచ్చారు, ఎవర్ని తీసుకున్నారు, ఆ జాబితా గోడకు అంటించమని అడగాలి. అడిగితే కోపం వస్తుంది, రానివ్వండి. పది ఊళ్లవాళ్లు పదేళ్లు అడిగితే అంటిస్తారు.

మూడు, తిరిగొచ్చినవాణ్ణి వెక్కిరించొద్దు. వాడు మన తరఫున తలుపు తట్టి వచ్చాడు. తలుపు తీయనోణ్ణి వదిలేసి తట్టినోణ్ణి తిడతామా? ఈసారి పోయినవాణ్ణే మళ్లీ పంపుదాం. రెండోసారి, మూడోసారి పంపుదాం. థాంప్సన్‌కు దక్కింది అదే, బ్రౌన్‌కు దక్కనిది అదే.

నాలుగు, ఆడపిల్లలు. ఇయ్యాల మైదానంలో ఒక్క ఆడపిల్ల కూడా లేదు. బయట నిలబడి బంతి అందించిన చెల్లెళ్లు మాత్రం ఆరుగురున్నారు, మేం లెక్కపెట్టాం. కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి 2025 నవంబరులో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో వుంది. వచ్చే జయంతికి ఆ ఆరుగురూ గీత లోపల వుండాలి. వాళ్ల అమ్మలు ఇక్కడే వున్నారు, మాట తీసుకుంటున్నాం.

ఆ ఎడమచేతి పిల్లోడు ఇప్పుడు పెద్దోడైనాడు. వాడికి ఆ ఆరు బంతులు మేం తిరిగి ఇప్పించలేం. కానీ ఇక్కడ కూర్చున్న పిల్లల్లో ఎవరికీ ఆ పేరు పడకూడదు. ఎవడైనా మీ వాడు ఎన్ని ఆటలు ఆడాడురా అని అడిగితే, ఎన్ని ఆడనిచ్చారో ముందు చెప్పండయ్యా అని తిరిగి అడగండి. అడిగే నోరు, రాసే చెయ్యి రెండూ మనకున్నాయి.

పోదాం పదండి, అన్నం చల్లారతా వుంది. స్కోరు పుస్తకం ఆ బల్లమీద పెట్టాం. ఇయ్యాల ఆడినోళ్లంతా పోయేముందు పేరూ ఊరూ రాసిపోండి.

జై భీమ్.